మల్లిక ఇంటి కుండలు

ఇంట్లో మూలన ఉన్న నీళ్ళకుండను ఎవరూ పనిగట్టుకొని చూడరు. దాహం వేసినప్పుడు చెయ్యి దానంతట అదే అటు పోతుంది. అదే కుండను రంగస్థలం మీద ఉంచి తెర తీస్తే వందల కళ్ళు ఒక్కసారిగా దాని మీద పడతాయి. అది అక్కడ ఎందుకున్నది, ఎవరిది, అందులో నీళ్ళున్నవా లేవా అని ప్రేక్షకుని మనస్సు తనకు తెలియకుండానే విచారణ మొదలుపెడుతుంది. నిత్యజీవితంలోని వస్తువు నాటకంలోకి అడుగుపెట్టగానే పొందే ఈ గౌరవం చిత్రమైనది. వస్తువు మారలేదు, చూపు మారింది. ఈ మార్పును వాడుకున్న తీరునుబట్టి నాటకకర్త నేర్పును చాలావరకు అంచనా కట్టవచ్చు.

భారతీయ నాటక సంప్రదాయం ఈ విషయంలో మొదటినుంచీ పొదుపరి. భరతుడు నాట్యశాస్త్రంలో అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు విధాలుగా విభజించి, వేషభూషలతోపాటు రంగం మీదికి తెచ్చే కృత్రిమ వస్తువులను ఆహార్యంలో చేర్చాడు. అయినా సంస్కృత నాటకంలో రథం, నది, చెట్టు వంటివి చాలావరకు నటుని చేతులలో, కళ్ళలో పుట్టి అక్కడే లయించేవి. అంత పొదుపు పాటించిన రంగం మీదికి ఒక వస్తువు నిజంగా వచ్చిందంటే దానికి పెద్ద పనే ఉండేది. శాకుంతలంలోని ఉంగరం అలాంటిది. అది పోతే జ్ఞాపకం పోయింది, దొరికితే జ్ఞాపకం తిరిగి వచ్చింది. శూద్రకుని మృచ్ఛకటికం తన పేరునే ఒక ఆటవస్తువు నుంచి తీసుకున్నది. పొరుగింటి పిల్లవాని బంగారు బండి కావాలని ఏడ్చే రోహసేనునికి దాసి మట్టిబండి చేసి ఇస్తే, వసంతసేన తన నగలు తీసి ఆ బండిని నింపుతుంది. ఆ నగలే తరువాత న్యాయస్థానంలో చారుదత్తుని మెడకు చుట్టుకుంటాయి. తెలుగువారికి మరింత దగ్గరి ఉదాహరణ గురజాడ కన్యాశుల్కంలోని మధురవాణి కంటె. మాయపెళ్ళికి ఎరువుగా వెళ్ళిన ఆ కంటె మాయపెళ్ళికూతురితోపాటే మాయమై, రామప్పపంతులును ముప్పుతిప్పలు పెడుతుంది.

ఇవన్నీ కథను నడిపే వస్తువులు. చేతులు మారతాయి, పోతాయి, దొరుకుతాయి, సాక్ష్యం చెబుతాయి. వీటికంటే నిశ్శబ్దంగా ఉండే మరొక జాతి వస్తువులు నాటకంలో ఉన్నాయి. అవి కథను మలుపు తిప్పవు. ఏ పాత్రా వాటి కోసం పోట్లాడదు. ఉన్నచోటనే ఉండి, పాత్రలతోపాటు వయసు మీరుతాయి. ఇరవయ్యవ శతాబ్దపు భారతీయ నాటకంలో ఈ రెండవ జాతి వస్తువులకు శ్రద్ధగా చోటిచ్చిన కృతులలో మోహన్ రాకేశ్ హిందీ నాటకం ‘ఆషాఢ్ కా ఏక్ దిన్’ ముందువరుసలో నిలుస్తుంది.

ఒకే గది, మూడు అంకాలు

మోహన్ రాకేశ్ 1925లో అమృత్‌సర్‌లో జన్మించి 1972లో ఢిల్లీలో మరణించాడు. హిందీలో ‘నయీ కహానీ’ ఉద్యమానికి ప్రముఖుడైన కథకునిగా పేరు తెచ్చుకున్న తరువాత రాసిన ఈ నాటకం 1958లో వెలువడింది. మరుసటి సంవత్సరం సంగీత నాటక అకాడమీ దానిని ఉత్తమ నాటకంగా గుర్తించింది. 1960లో కలకత్తాలోని ‘అనామిక’ సంస్థ శ్యామానంద్ జాలాన్ దర్శకత్వంలోనూ, 1962లో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా ఇబ్రహీం అల్కాజీ దర్శకత్వంలోనూ దీనిని ప్రదర్శించాయి. 1971లో మణి కౌల్ చలనచిత్రంగా తీశాడు. ఆధునిక హిందీ రంగస్థల చరిత్రను ఈ నాటకాన్ని విడిచి చెప్పడం సాధ్యం కాదు.

‘ఆషాఢంలో ఒకనాడు’ అన్న ఆ పేరు మేఘసందేశం ఆరంభశ్లోకాలను గుర్తుకు తెస్తుంది. తొలి మేఘాన్ని చూసి విరహి కలతచెందే మాసం అది. తెలుగు పాఠకునికి ఈ మాసం పేరు మరో విధంగా కూడా తగులుతుంది. తెలుగునాట కొత్తకోడలు ఆషాఢంలో పుట్టింటికి వెళుతుంది. అత్తా కోడలూ ఒక గడప దాటరాదంటారు. కావ్యంలోనూ ఆచారంలోనూ ఆషాఢం ఎడబాటు మాసమే. అయితే ఆచారంలోని ఎడబాటు నెల తిరిగేసరికి తీరిపోతుంది. రాకేశ్ నాటకంలో అది తీరదు.

కథ చాలా చిన్నది. హిమాలయ పాదసీమలోని ఒక పల్లెలో కాళిదాసు అనే యువకవి ఉంటాడు. మల్లిక అతనిని ప్రేమిస్తుంది. ఉజ్జయిని నుంచి ఆస్థానకవి పదవికి పిలుపు వస్తుంది. వెళ్ళడానికి వెనుకాడుతున్న కవిని మల్లికే ఒప్పించి పంపుతుంది. అతడు కీర్తిమంతుడవుతాడు, రాజకుమారి ప్రియంగుమంజరిని పెళ్ళాడతాడు, మాతృగుప్తుడన్న పేరుతో కాశ్మీరానికి పాలకుడవుతాడు. రాజతరంగిణిలో కనిపించే మాతృగుప్తుడే కాళిదాసు అన్న ఒక పాత ఊహను నాటకకర్త ఇక్కడ కల్పనకు ఆధారం చేసుకున్నాడు. ఏళ్ళు గడిచాక అన్నీ విడిచి అతడు తిరిగివస్తాడు. అప్పటికి మల్లిక జీవితం మరొక దారి పట్టి ఉంటుంది.

విశేషమేమంటే ఉజ్జయినిగానీ, కాశ్మీరంగానీ, రాజసభగానీ రంగం మీద ఎక్కడా కనిపించవు. కాళిదాసు జీవితంలోని ఘనకార్యాలన్నీ తెర వెనుకే జరుగుతాయి. మూడు అంకాలూ మల్లిక ఇంటి ముందుగదిలోనే నడుస్తాయి. అంకానికీ అంకానికీ మధ్య కొన్నేళ్ళు దొర్లిపోతాయి. ఆ ఏళ్ళలో ఏం జరిగిందో చెప్పేందుకు సూత్రధారుడు లేడు. ఆ పనిని నాటకకర్త గదిలోని సామానుకు అప్పగించాడు.

వడ్లు చెరిగే తల్లి

మొదటి అంకానికి ముందు ఉన్న రంగసూచన ఇంటి సరంజామా అంతా వరుసగా లెక్కపెడుతుంది. కర్రగోడలు, వాటి కింది భాగానికి నున్నటి మట్టిపూత, మధ్యమధ్య జేగురుతో వేసిన స్వస్తికాలు. తలుపులమీద జేగురుతోనూ పసుపుతోనూ దిద్దిన తామరలు, శంఖాలు. గూళ్ళలో వెలిగించని మట్టిప్రమిదలు. ఒకవైపు పొయ్యి, దాని చుట్టూ పొందికగా సర్దిన మట్టి పాత్రలు, కంచు పాత్రలు. మరోవైపు మూడు నాలుగు పెద్ద కుండలు. వాటికి మసి, పాచి పట్టి ఉన్నా, పైన దర్భలు కప్పి రాళ్ళు పెట్టి ఉంటాయి. కిటికీ పక్కన పులిచర్మం పరచిన కర్ర ఆసనం. బయట వాన.

ఇది సంపన్నుల ఇల్లు కాదు. అయినా లేమి కొట్టవచ్చినట్లు కనిపించే ఇల్లు కూడా కాదు. ప్రతి వస్తువుకూ ఒక స్థానం, ప్రతి కుండకూ ఒక మూత ఉన్నాయి. ఎవరో ఒకరు రోజూ అలికి, ముగ్గుపెట్టి, సర్దుతున్నారని తెలుస్తుంది. ఆ ఎవరో ఒకరు మల్లిక తల్లి అంబిక. తెర లేచేసరికి ఆమె పీటమీద కూర్చుని చేటతో వడ్లు చెరుగుతూ ఉంటుంది. మల్లిక తొలివానలో తడిసి ముద్దయి, పరవశించి ఇంట్లో అడుగుపెడుతుంది. తాను చూసిన మేఘాలను గూర్చి, పొందిన ఆనందాన్ని గూర్చి చెప్పుకుపోతుంది. తల్లి వెంటనే బదులు చెప్పదు. చెరుగుతూనే ఉంటుంది.

చేటను ప్రతీకగా తీసుకోవడం సులభం. గట్టిగింజనూ పొట్టునూ వేరుచేసే సాధనం కాబట్టి అది అంబిక లోకజ్ఞానానికి గుర్తని విమర్శకుడు రాసుకోవచ్చు. కాని రంగం మీద చేట ముందుగా చప్పుడు. మల్లిక మాటల మధ్య విరామాలలో ఆ చెరిగే చప్పుడే అంబిక జవాబు. కూతురు భావనను గూర్చి మాట్లాడుతున్నది, తల్లి రేపటి అన్నాన్ని గూర్చి చేతులతో మాట్లాడుతున్నది. భావన ఒక్కటే బతుకు అవసరాలను తీరుస్తుందా అన్నది ఆ అంకమంతా నడిచే వివాదం. ఆ వివాదంలో అంబిక పక్షాన ఉన్న బలమైన వాదన ఆమె ఒడిలోని చేటే.

అలాంటిదే పాల సంగతి. అంబిక పాలు కాచి ఉంచుతుంది. అంతలో కాళిదాసు బాణం తగిలిన జింకపిల్లను చేతులలో పట్టుకుని వస్తాడు. దానికి ఆ ఇంట్లో పాలు పడతారు. వేటాడిన రాజపురుషుడు దంతులుడు వెంటనే వచ్చి ఆ జింకపిల్ల తన సొత్తు అంటాడు. కాళిదాసు ఒప్పుకోడు. కవి కరుణనూ రాజోద్యోగి అధికారాన్నీ ఎదురెదురుగా నిలిపే ఘట్టంగా ఇది ప్రసిద్ధం. అయితే ఆ కరుణకు కావలసిన పాలు ఎవరి ఇంటివో, ఎవరు కాచినవో గమనించే ప్రేక్షకుడు నాటకం చివరిదాకా ఉపయోగపడే ఒక లెక్కను అక్కడే మొదలుపెడతాడు. కవి ఇచ్చినది ఒళ్ళో చోటు, ఇల్లు ఇచ్చినది పాలు.

మందు నూరే కూతురు

రెండవ అంకం కొన్నేళ్ళ తరువాత తెరుచుకుంటుంది. గది అదే. గోడల పూత చాలాచోట్ల ఊడిపోయింది. స్వస్తికాలు, శంఖాలు, తామరలు వెలవెలబోయాయి. పొయ్యి దగ్గర పాత్రలు బాగా తగ్గాయి. కుండలు రెండే ఉన్నాయి, వాటికి మూతలు లేవు. తల్లి చేటతో కనిపించిన ఈ గదిలో ఇప్పుడు కూతురు కల్వంలో మందు నూరుతున్నది. అంబిక మంచం పట్టింది.

చేట పోయి కల్వం రావడంలో ఎంత కథ ఉన్నదో వేరుగా చెప్పనక్కరలేదు. ఇంటి బరువు ఒక చేతినుంచి మరొక చేతికి మారింది. మొదటి అంకంలో వానలో తడిసి వచ్చి మాటలతో గదిని నింపిన పిల్ల ఇప్పుడు తల్లిలాగానే వంగి కూర్చుని పని చేస్తున్నది. రాకేశ్ ఈ పోలికను ఏ పాత్రచేతా చెప్పించలేదు. నటి కూర్చునే తీరు, చేతుల కదలిక చాలునని నమ్మాడు.

గదిలో తగ్గిన వస్తువులతోపాటు పెరిగిన వస్తువు కూడా ఒకటి ఉన్నది. ఆసనం మీద భూర్జపత్రాల ప్రతులు కనిపిస్తాయి. ఉజ్జయిని నుంచి వచ్చే వ్యాపారుల దగ్గర మల్లిక కాళిదాసు కావ్యాలను సంపాదించుకుంటూ వచ్చింది. వాటి వెల ఎంతో నాటకం చెప్పదు. కుండలు, కంచు పాత్రలు అమ్ముడుపోయాయని కూడా చెప్పదు. ఒకవైపు పాత్రలు తగ్గడం, మరోవైపు పత్రాలు పెరగడం మాత్రమే చూపుతుంది. ఆ రెండింటినీ కలిపే గీత ప్రేక్షకుడు గీసుకోవాలి. కావ్యం గొప్పతనాన్ని గూర్చి నాటకాలు ఎన్నో వచ్చాయి. కావ్యాన్ని చదివే మనిషి ఇంట్లో పొయ్యి ఎలా ఉన్నదో చూపిన నాటకాలు చాలా కొద్ది.

పేర్లు అడగవచ్చినవారు

ఈ అంకంలోనే నాటకకర్త వస్తువులను వేరొక కోణం నుంచి చూపుతాడు. రాజపరివారం కాశ్మీరానికి వెళుతూ దారిలో ఈ పల్లెలో ఆగుతుంది. ముందుగా రంగిణి, సంగిణి అనే ఇద్దరు నాగరిక స్త్రీలు వస్తారు. మహాకవిని తీర్చిదిద్దిన పరిసరాలను అధ్యయనం చేయడం వారి పని. ఇక్కడి చెట్లు, జంతువులు, పాత్రలు, రోజువారీ మాటలు, అన్నిటిలోనూ అసాధారణమైనది ఏదో ఒకటి ఉండి తీరాలన్నది వారి నమ్మకం. వారు వస్తువుల పేర్లు అడుగుతారు. అన్నిచోట్లా ఉండే వస్తువులే, అన్నిచోట్లా ఉండే పేర్లే అని తెలిసి నిరాశపడి వెళ్ళిపోతారు.

తరువాత అనుస్వారుడు, అనునాసికుడు అనే ఇద్దరు ఉద్యోగులు వస్తారు. వ్యాకరణంలోని రెండు ముక్కుపలుకుల పేర్లు వారివి, తేడా కూడా అంతంత మాత్రమే. రాజకుమారి రాకకు తగినట్లు గదిని సర్దడం వారికి అప్పగించిన పని. కుండ అక్కడ ఉండవచ్చునా, ఆసనం జరపాలా, ఆరవేసిన తడిబట్టలు తీసేయాలా అని సుదీర్ఘంగా చర్చిస్తారు. ఒకరు ఔనంటే మరొకరు కాదంటారు, మళ్ళీ ఇద్దరూ ఏకీభవిస్తారు. చివరకు ఏ వస్తువునూ అంగుళం కదపకుండానే ఏర్పాట్లు పూర్తయ్యాయని తృప్తిపడి వెళతారు. కార్యాలయాల పనితీరు తెలిసిన ప్రేక్షకులు ఈ ఘట్టంలో నవ్వకుండా ఉండలేరు. నవ్వు ఆగాక ఒక విషయం మిగులుతుంది. ఆ గదిలోని కుండను చేత్తో తాకకుండా దాని మీద అంతసేపు మాట్లాడగలిగినవారు ఈ ఇద్దరే.

ప్రియంగుమంజరి వీరివలె వెటకారానికి లోనయ్యే పాత్ర కాదు. ఆమెకు బాధ ఉన్నది. భర్త మనస్సు ఇంకా ఈ పల్లెలోనే ఉన్నదని ఆమెకు తెలుసు. అందువల్ల ఈ పల్లె వాతావరణాన్నే తనతో తీసుకుపోవాలని చూస్తుంది. ఇక్కడి జింకపిల్లలు, ఓషధులు, కొన్ని కుటుంబాలు రాజధానికి రావాలి, ఇలాంటి ఇళ్ళే అక్కడ కట్టించాలి. మల్లిక ఇంటికి మరమ్మతు చేయిస్తానంటుంది. అనుస్వార అనునాసికులలో ఒకరిని పెళ్ళాడి తమతో రావచ్చునని కూడా అంటుంది. మల్లిక వద్దంటుంది. ఊడిపోతున్న ఆ గోడలు బాగుపడితే ఆమెకు సుఖమే. కాని ఆ గోడలు ఆమె బతికిన ఏళ్ళకు లెక్క. లెక్కను చెరిపివేసే మరమ్మతు ఆమెకు అక్కరలేదు.

ఈ ఘట్టం రాసిన నాటికి స్వతంత్ర భారతంలో కళాసంస్థలు, అకాడమీలు ఒక్కొక్కటిగా వెలుస్తున్నాయి. సంగీత నాటక అకాడమీ ఏర్పడినది 1953లోనే. రాజాదరణ కవికి ఏమిచేస్తుందన్న ప్రశ్న ఆనాటి రచయితలకు కేవలం చారిత్రకం కాదు. అదేవిధంగా, ఒక జీవనవిధానాన్ని దాని వస్తువుల రూపంలో సేకరించి మరొకచోట నిలబెట్టవచ్చునా అన్న ప్రశ్న నేటికీ తీరలేదు. పల్లె కుండ, తిరగలి, రోలు, చేట ఇప్పుడు ప్రదర్శనశాలలలో పేరుపలకల పక్కన కొలువుదీరి ఉన్నాయి. వాటిని కాపాడడం తప్పనిసరి, కాపాడకపోతే వాటి ఆకారం కూడా మిగలదు. అయితే వాటితోపాటు రంగిణీ సంగిణుల ప్రశ్న కూడా ఆ శాలలోకి ప్రవేశిస్తుంది. అసాధారణమైనదేది అని వెదికే చూపుకు కుండ పేరు దొరుకుతుంది, కొలత దొరుకుతుంది. దానికి పాచి ఎందుకు పట్టిందో, మూత ఎప్పుడు పోయిందో దొరకదు. అది చెప్పగల మనిషి పేరు పలకమీద ఉండదు.

ఇంతకూ ఆ రోజున కాళిదాసు ఆ ఇంటికి రాడు. గుర్రపు డెక్కల చప్పుడు దగ్గరికి వచ్చినట్లే వచ్చి దూరమైపోతుంది.

రాయని పుటలు

ఆ అంకంలో గదిలో మరొక వస్తువు ఉన్నది. మల్లిక భూర్జపత్రాలను తన చేతులతో కుట్టి ఒక గ్రంథంగా చేసింది. అందులో ఒక్క అక్షరం లేదు. ఎప్పటికైనా రాజధానికి వెళ్ళి కాళిదాసుకు ఇవ్వాలని, తన మహాకావ్యాన్ని అతడు దానిమీద రాయాలని ఆమె కోరిక.

మూడవ అంకంలో మళ్ళీ ఆషాఢం, మళ్ళీ వాన. మరికొన్ని ఏళ్ళు గడిచాయి. కుండ ఒక్కటే మిగిలింది, అదీ అంచు విరిగినది. పులిచర్మం లేదు. గోడలమీద గుర్తులు దాదాపు మాసిపోయాయి. పొయ్యి దగ్గర మసిబారిన పాత్రలు ఒకటి రెండు. అంబిక లేదు. కొత్తగా వచ్చినది ఒక ఊయల. ఊరివాడు మాతులుడు చంకకర్రతో కుంటుతూ వస్తాడు. కాళిదాసు బంధువుగా రాజవైభవాన్ని అనుభవించడానికి వెళ్ళి, భవనపు నున్నని నేలమీద జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. అలికిన మట్టినేల మీద నడిచి పెరిగిన మనిషికి ఆ చంకకర్ర ఒక ప్రయాణపు జమాఖర్చు.

తెలుగు ఇళ్ళలో బియ్యం అయిపోయాయని ఇల్లాలు అనదు. ‘నిండుకున్నాయి’ అంటుంది. లేదన్న మాటను నోటితో అనడం ఇంటికి మంచిది కాదని, ఖాళీని నిండుదనంగా పలికే మర్యాద అది. మల్లిక ఇంటి కుండలు ఆ అర్థంలోనే నిండుకున్నాయి. చిత్రంగా ఆ అక్షరంలేని గ్రంథం కూడా అలాగే నిండుకున్నది. తిరిగివచ్చిన కాళిదాసు దానిని విప్పి చూసినప్పుడు అవి ఖాళీ పుటలు కావని గ్రహిస్తాడు. వాటిమీద కన్నీటి చుక్కలు ఆరిన మచ్చలున్నాయి, చెమట మరకలున్నాయి, పూలరేకులు నలిగిన రంగులున్నాయి, గోళ్ళు గీరిన గుర్తులున్నాయి. తాను రాయవలసిన మహాకావ్యం ఇప్పటికే రాయబడి ఉన్నదని అతనికి అనిపిస్తుంది. తన కావ్యాలలోని హిమాలయం ఈ పల్లెలోని కొండే అనీ, ఉమ, యక్షిణి, శకుంతల మల్లికేననీ అతడు ఒప్పుకుంటాడు.

సాధారణంగా ప్రదర్శనలు ఈ ఘట్టాన్ని నాటకానికి శిఖరంగా నిలుపుతాయి. ప్రేక్షకుల కళ్ళు చెమరుస్తాయి. అది సహజమే. అయితే ఆ గది మొత్తాన్ని కళ్ళతో చూస్తున్నవారికి ఆ మాటలలో ఒక లోటు కూడా కనిపించాలి. కాళిదాసు ఆ మరకలను చదివాడు, వాటిని కావ్యమన్నాడు. చేయి చాచితే అందేంత దూరంలో ఉన్న విరిగిన కుండను చదవలేదు. ఆమె బాధలో కావ్యానికి పనికివచ్చే భాగం అతనికి వెంటనే కనిపించింది, పనికిరాని భాగం కనిపించలేదు. అతడు చెడ్డవాడు కాదు. కవి కావడమే అతని బలం, అతని పరిమితి కూడా. మళ్ళీ మొదటినుంచి ఆరంభించవచ్చునని అతడు ఆశపడుతున్న సమయంలో లోపలినుంచి పసిబిడ్డ ఏడుపు వినిపిస్తుంది. ఆ బిడ్డ తన వర్తమానమని మల్లిక చెబుతుంది. ఇంతకాలం కాళిదాసుకు ప్రత్యర్థిగా నిలిచిన విలోముడు తాగి వచ్చి తలుపు తడతాడు. మల్లిక బిడ్డను చూడడానికి లోపలికి వెళ్ళినప్పుడు కాళిదాసు వానలోకి నడిచి వెళ్ళిపోతాడు. ఆమె బిడ్డను ఎత్తుకుని వచ్చేసరికి గదిలో అతడు లేడు.

రాయని గ్రంథం, ఊయల రెండూ ఆమె చేతులతో సాకినవే. ఒకటి కాళిదాసు కోసం ఎదురుచూసినది, రెండవది ఎదురుచూడడానికి వీలులేనిది. ఆకలివేసిన బిడ్డ ఏడుపు ముందు మహాకావ్యం కూడా ఆగవలసిందే. మొదటి అంకంలో అంబిక చేట చప్పుడుతో చెప్పినది ఇదే. చెప్పిన తల్లి ఇప్పుడు లేదు, ఆమె మాట మాత్రం కూతురి చేతుల్లో పసిబిడ్డగా ఉన్నది.

ప్రతీక పుట్టే చోటు

రాకేశ్ తరువాతి నాటకాలతో పోల్చితే ఈ పద్ధతి విలువ మరింత తేటపడుతుంది. అశ్వఘోషుని సౌందరనందం ఆధారంగా 1963లో రాసిన ‘లహరోం కే రాజహంస్’లో రెండు దీపస్తంభాలున్నాయి. ఒకదానిపై చేతులు చాచి ఆకాశంవైపు చూసే పురుషమూర్తి, మరొకదానిపై చేతులు ముడుచుకుని నేలవైపు చూసే స్త్రీమూర్తి. సుందరి అలంకరించుకునేటప్పుడు నందుడు పట్టుకున్న అద్దం చలించి పగులుతుంది. అవి అందమైన ప్రతీకలే. కాని తెర లేచిన క్షణం నుంచే అవి ప్రతీకలని తెలిసిపోతుంది. అర్థం ముందు, వస్తువు తరువాత. ‘ఆధే అధూరే’ (1969) నగరపు మధ్యతరగతి ఇంట్లోకి వస్తుంది. అక్కడ ఒకప్పటి మంచిరోజుల సామాను ముక్కలుముక్కలుగా మిగిలి, ఒకదానితో ఒకటి పొసగక, గదిని ఇరుకు చేస్తూ ఉంటుంది. కొడుకు పత్రికల్లోని తారల బొమ్మలు కత్తిరిస్తూ కాలం గడుపుతాడు. మల్లిక గది నేర్పిన పాఠం ఆ గదిలో కొనసాగింది.

కుండ దేనికి ప్రతీక అని అడిగితే శాస్త్రాలలో సమాధానాలకు కొరత లేదు. అది పూర్ణత్వానికి గుర్తు, గర్భానికి గుర్తు, దేహానికి గుర్తు. తెలుగులో మనిషినే ఘటమంటారు, పోయినవాడు ఘటం వదిలాడంటారు. మల్లిక ఇంటి కుండకు ఈ అర్థాలేవీ అతికించనవసరం లేదు. మొదటి అంకంలో అది కేవలం కుండ. దానికి అర్థం పుట్టేది రెండవ అంకంలో, అదీ పక్కన ఉండవలసిన మరో రెండు కుండలు కనిపించకపోవడం వల్ల. ప్రతీక వస్తువులో ఉండదు, వస్తువు ఉండిన చోట ఏర్పడిన ఖాళీలో ఉంటుంది. నిన్న ఉన్నది ఈరోజు లేదని గుర్తించేవాడు ఒకడు ఉంటే చాలు, ఏ సామాన్యమైన సామానైనా మాట్లాడుతుంది.

ఈ కారణంగా ఈ నాటకాన్ని ప్రదర్శించేవారు రంగసామగ్రి విషయంలో కొంత ఓర్పు చూపవలసి ఉంటుంది. అన్నీ కొత్తగా రంగువేసిన కుండలైతే మొదటి అంకం నిలబడదు, ఎందుకంటే అప్పటికే వాటికి మసి, పాచి పట్టి ఉండాలి. మొదటినుంచే గదిని దీనంగా చూపితే మూడవ అంకానికి తగ్గడానికి ఏమీ మిగలదు. మొదటి అంకంలో కుండలమీద దర్భలు, రాళ్ళు పెట్టడం మరిచిపోతే రెండవ అంకంలో మూతలు లేవన్న సంగతి ఎవరికీ తెలియదు. ప్రేక్షకుడు కుండలను లెక్కపెట్టడు. అయినా లెక్క తప్పితే అతనికి ఏదో వెలితిగా తోస్తుంది. కాళిదాసు పాత్రధారి ఎంత గొప్పగా మాట్లాడినా ఆ వెలితి తీరదు.

అంకానికీ అంకానికీ మధ్య తెర వెనుక చీకట్లో ఒకరు వచ్చి రెండు కుండలను తీసుకుపోతారు, జేగురు గుర్తులను తడిగుడ్డతో కొంచెం తుడుస్తారు, పులిచర్మాన్ని చుట్టి పక్కన పెడతారు. రెండు నిమిషాల పని. మల్లికకు దానికి కొన్నేళ్ళు పట్టింది.